నవీకరణ విఫలమైన వేళ

కొలిమి నుంచి బయటికి వచ్చిన కొడవలి ఎన్నాళ్లయినా కొడవలిగానే ఉంటుంది. కమ్మరి మళ్లీ దానిని కాల్చి సాగగొట్టితే తప్ప దాని రూపం మారదు. కంప్యూటరును నడిపే సాఫ్టువేరు అటువంటి వస్తువు కాదు. అది అమ్ముడై, ఇంటికి చేరి, ఏళ్ల తరబడి పనిచేస్తూ ఉండగానే దాని నిర్మాతలు దూరం నుంచి దానిని సరిదిద్దుతూ ఉంటారు. కోట్ల పంక్తుల ఆదేశాలతో కూడిన నిర్మాణంలో ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లక మానదు. అది బయటపడినప్పుడల్లా సవరణను సిద్ధం చేసి ఇంటర్నెట్టు ద్వారా ప్రతి యంత్రానికీ పంపుతారు. దీనినే నవీకరణ అంటారు. వాడుకలో అందరూ అప్‌డేటు అనే పిలుస్తారు. ఈ కార్యం సాఫీగా సాగినంత కాలం దానిని ఎవరూ గమనించరు. అది మధ్యలో ఆగిపోయిన రోజున మాత్రం ఇంటిల్లిపాదీ కంప్యూటరు చుట్టూ చేరుతారు.

విండోస్ ఆపరేటింగ్ సిస్టం నిర్మాత అయిన మైక్రోసాఫ్టు సంస్థ 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండవ మంగళవారం నాడు తన భద్రతా సవరణలను విడుదల చేసే ఆనవాయితీని పాటిస్తున్నది. అమెరికా పశ్చిమ తీరంలో అప్పుడు ఉదయం పది గంటలైతే భారతదేశంలో రాత్రి పదిన్నరో పదకొండున్నరో అవుతుంది. అందువల్ల మన ఇళ్లలో నవీకరణ సందడి సాధారణంగా బుధవారం నాడు కనిపిస్తుంది. ఈ ఆనవాయితీ మొదలు కావడానికి కొద్ది నెలల ముందు, 2003 ఆగస్టు 11న, బ్లాస్టర్ అనే పురుగు ప్రపంచమంతటా కంప్యూటర్లలోకి చొరబడి వాటిని మాటిమాటికీ ఆగిపోయేలా చేసింది. అది ఉపయోగించుకున్న లోపానికి సవరణ జూలై 16నే సిద్ధమైంది. దానిని స్వీకరించని యంత్రాలే దెబ్బతిన్నాయి. 2017లోనూ ఇదే కథ జరిగింది. మార్చి 14న సవరణ వెలువడింది. దానిని అందుకోని యంత్రాల మీద మే 12న వాన్నాక్రై దాడి చేసి, ఫైళ్లకు తాళం వేసి, డబ్బు ఇస్తేనే విప్పుతానన్నది. సుమారు 150 దేశాలలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా వాటిలో ఉన్నాయి. కాబట్టి విఫలమైన నవీకరణను కేవలం చిరాకు కలిగించే సంఘటనగా చూడటం సరికాదు. తలుపు మూశామనుకుని యజమాని నిద్రపోతాడు. గడియ మాత్రం పడి ఉండదు.

అయితే నవీకరణ కూడా మానవ నిర్మితమే. దానిలోనూ దోషం ఉండవచ్చు. 2018 అక్టోబరు 2న విడుదలైన విండోస్ 10 నూతన రూపాంతరం కొందరి పత్రాలనూ ఛాయాచిత్రాలనూ తుడిచివేసినట్లు తెలియడంతో నాలుగు రోజులలోనే దాని పంపిణీని ఆపివేయవలసి వచ్చింది. సరిదిద్దిన రూపం నవంబరు 13న గాని వెలువడలేదు. 2024 జూలై 19న జరిగినది అంతకంటె పెద్ద ఉదంతం. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ భారత కాలమానం ప్రకారం ఉదయం 9.39 గంటలకు పంపిన ఒక చిన్న ఫైలు వల్ల దాదాపు 85 లక్షల యంత్రాలు నీలి తెర చూపి కూలిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చారు. 10.57 గంటలకే దోషాన్ని సరిదిద్దినా, కూలిన యంత్రం ఆ సవరణను అందుకునేంతసేపు మేలుకొని ఉండలేకపోయింది. కనుక నిపుణులు ఒక్కొక్క యంత్రం దగ్గరికి వెళ్లి, దానిని సేఫ్ మోడ్‌లో తెరిచి, దోషపూరితమైన ఆ ఒక్క ఫైలును తొలగించవలసి వచ్చింది. ఆ సాఫ్టువేరు పెద్ద సంస్థలు వాడేది గనుక ఇళ్లలోని కంప్యూటర్లకు ఆనాడు ముప్పు రాలేదు. కాని దోషం వచ్చిన నవీకరణలోనే ఉన్నదా, లేక దానిని స్వీకరించే యంత్రంలో ఉన్నదా అనే ప్రశ్న ప్రతి ఇంటికీ వర్తిస్తుంది. ఒకే రోజున ఇరుగుపొరుగు కంప్యూటర్లన్నీ అదే విధంగా మొరాయిస్తే దోషం నవీకరణది. అటువంటప్పుడు రెండు మూడు రోజులు వేచి ఉండటమే ఉత్తమ చికిత్స. ఒక్క ఇంట్లోనే తలెత్తితే కారణాన్ని ఆ ఇంట్లోనే వెతకాలి.

వెతకడానికి ముందు నవీకరణ జరిగే తీరు తెలియాలి. మొదట కంప్యూటరు తనకు ఏ సవరణలు అవసరమో సంస్థ సర్వరును అడిగి తెలుసుకుంటుంది. తరువాత వాటిని దించుకుంటుంది. దించుకున్న ఫైలు నిజంగా ఆ సంస్థ పంపినదేనా, దారిలో ఏమైనా మారిందా అని దాని మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని సరిచూస్తుంది. అటుపిమ్మట కొత్త భాగాలను ఒక పక్కన పేర్చి ఉంచుతుంది. చివరికి పాత భాగాల స్థానంలో వాటిని అమరుస్తుంది. ఈ చివరి దశలోనే కంప్యూటరు తనను తాను ఆపుకొని మళ్లీ మొదలుపెట్టాలని కోరుతుంది. చాలామందికి ఇది అనవసరపు హంగామాగా తోస్తుంది. ఇంటి కప్పును మోస్తున్న దూలాన్ని, కప్పు దాని మీద ఆని ఉండగా మార్చడం సాధ్యం కాదు. ముందు బరువు దించాలి. అదేవిధంగా ఆపరేటింగ్ సిస్టం ప్రతి క్షణం వాడుకుంటున్న ఫైళ్లను అది నడుస్తుండగా మార్చడం కుదరదు. అందుకే యంత్రం ఆగి, పూర్తిగా మేలుకోక మునుపే ఆ మార్పిడి జరుగుతుంది. అది పొసగకపోతే తాను చేసిన మార్పులన్నింటినీ వెనక్కి తీసుకొని పాత స్థితికి చేరడానికి యత్నిస్తుంది. మార్పులను రద్దు చేస్తున్నామని తెర మీద కనిపించే వాక్యానికి అర్థం ఇదే.

ఆ వాక్యం కనిపించగానే గాభరా పడి విద్యుత్తు మీట నొక్కడం అన్ని పొరపాట్లలోకి పెద్దది. కంప్యూటరు అప్పుడు తనను తాను కాపాడుకునే పనిలో ఉంటుంది. పాత పలకల డిస్కు ఉన్న యంత్రంలో ఈ పనికి గంటకు పైగా పట్టినా ఆశ్చర్యపోనక్కరలేదు. శాతం అంకె ఒకేచోట నిలిచిపోయినట్లు కనిపించినా, పెట్టె మీద డిస్కు దీపం మినుకుమినుకుమంటూ ఉంటే పని సాగుతున్నట్లే లెక్క. కొన్ని గంటలు గడిచినా అంకె కదలక, దీపం వెలగక, డిస్కు చప్పుడు కూడా లేనప్పుడు మాత్రమే మీటను నొక్కి పట్టుకొని యంత్రాన్ని ఆపవచ్చు.

మన ప్రాంతంలో ఈ దశకు అసలు శత్రువు వేసవి విద్యుత్ కోత. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంటుంది గనుక గండం తక్కువ. బల్ల మీది కంప్యూటరుకు ఆ ఆసరా లేదు. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నది గదా అని నిశ్చింతగా ఉండేవారు ఒక సంగతి గమనించాలి. చాలా ఇన్వర్టర్లకు సాధారణ పద్ధతి, యూపీఎస్ పద్ధతి అని రెండు అమరికలు ఉంటాయి. సాధారణ పద్ధతిలో కరెంటు పోయాక బ్యాటరీ అందుకోవడానికి పట్టే లిప్తపాటు ఆలస్యాన్ని పంకా, దీపం ఓర్చుకుంటాయి, కంప్యూటరు ఓర్చుకోదు. ఆ మీటను యూపీఎస్ వైపు తిప్పితే ఆలస్యం బాగా తగ్గుతుంది. ఎన్నో ఇళ్లలో ఇన్వర్టరు అమర్చిన నాటి నుంచి ఆ మీటను ఎవరూ ముట్టి ఉండరు.

నవీకరణ విఫలమై, యంత్రం ఎలాగో మళ్లీ తెరుచుకున్నదనుకుందాం. అప్పుడు చేయవలసిన మొదటి పని మరమ్మతు కాదు, ఫైళ్లను భద్రపరచడం. ఇంటి కంప్యూటరులో ఉండేవి ఏమిటి? పిల్లల చదువు కాగితాలు, ధ్రువపత్రాల ప్రతులు, పెళ్లి ఛాయాచిత్రాలు, దుకాణం లెక్కలు. ఆపరేటింగ్ సిస్టంను ఎన్నిసార్లయినా తిరిగి వేసుకోవచ్చు, వీటిని తిరిగి సృష్టించలేరు. కాబట్టి విడి డిస్కులోకో పెన్‌డ్రైవులోకో వాటిని నకలు చేసిన తరువాతే ఏ చికిత్సకైనా పూనుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు కంప్యూటరు వాడేవారిలో ఎక్కువ.

ఈ సందర్భంలో కొత్త ల్యాప్‌టాప్‌లకు సంబంధించిన విషయం ఒకటున్నది. విండోస్ 11తో వస్తున్న చాలా యంత్రాలలో డిస్కులోని సమాచారమంతా యజమానికి తెలియకుండానే గూఢలిపిలోకి మారి ఉంటుంది. మామూలు రోజులలో దాని జాడ తెలియదు. నవీకరణ చెడి, యంత్రం ప్రారంభ అమరికలు మారినట్లు దానికి తోచిన రోజున 48 అంకెల పునరుద్ధరణ తాళం చెప్పమని అడుగుతుంది. ఆ తాళం సాధారణంగా యజమాని మైక్రోసాఫ్టు ఖాతాలో భద్రమై ఉంటుంది. ల్యాప్‌టాప్ కొన్ననాడు దుకాణదారుడు తన సౌకర్యం కోసం ఏదో ఒక ఈమెయిలుతో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటే, ఆ ఖాతా సంకేతపదం ఇంటిలో ఎవరికీ తెలియదు. తాళం లేనిదే డిస్కులోని ఒక్క అక్షరాన్నీ ఎంతటి నిపుణుడూ చదవలేడు. యంత్రం ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఆ 48 అంకెలను ఒక కాగితం మీద రాసుకొని, ఇంటి దస్తావేజులు ఉన్నచోట దాచుకోవడం ఎంతో అవసరం.

ఇక రోగ నిర్ణయం. విఫలమైన ప్రతి నవీకరణా ఒక సంకేతాన్ని మిగిల్చి పోతుంది. సున్నా, ఎక్స్ అనే గుర్తుల తరువాత ఎనిమిది స్థానాలలో కనిపించే ఆ సంఖ్యను చూసి చాలామంది దానిని అర్థంలేని గీతలుగా భావించి తెరను మూసివేస్తారు. వైద్యుడు నాడి చూడకముందే మందు మింగడం వంటిది ఇది. ఆ సంఖ్యకు నిర్మాణం ఉన్నది. అది పదింటి లెక్కలో కాక పదహారింటి లెక్కలో రాసిన సంఖ్య. రూపాయికి పదహారణాలున్న కాలంలో పదిహేను అణాల మీద మరొక అణా చేరగానే అది రూపాయి స్థానానికి ఎగబాకేది. ఇక్కడ ప్రతి స్థానమూ అలాగే పదహారు నిండగానే పైకి ఎగబాకుతుంది. పది నుంచి పదిహేను వరకు ఒక్కొక్క గుర్తు కావాలి గనుక ఏ నుంచి ఎఫ్ వరకు ఆంగ్లాక్షరాలను వాడుతారు.

విండోస్ సంకేతాలలో తరచు కనిపించే ఆరంభం 8007. ఇందులో 8 వైఫల్యానికి గుర్తు. 7 ఆ వైఫల్యం విండోస్ మౌలిక సేవల జాబితాకు చెందినదని చెబుతుంది. అసలు కారణం చివరి నాలుగు స్థానాలలో ఉంటుంది. 80070005లో చివరి సంఖ్య 5. అంటే అనుమతి నిరాకరణ. 80070002 వస్తే 2. కావలసిన ఫైలు కనిపించలేదని అర్థం. 80070020లోని 20ని పదహారింటి లెక్కలో విప్పితే 32 అవుతుంది. ఆ ఫైలును మరొక ప్రోగ్రాము పట్టుకొని ఉన్నదని దాని భావం. చాలాసార్లు ఆ పట్టుకున్నది యాంటీవైరసే. 80070070లో 70 అంటే ఏడు పదహార్లు, 112. డిస్కు నిండిపోయిందని అర్థం. 80070643లో 643ని విప్పితే ఆరు 256లు 1536, నాలుగు 16లు 64, మరొక 3, వెరసి 1603. దీని భావం స్థాపన పూర్తిగా విఫలమైందని మాత్రమే. జ్వరం వచ్చిందని చెప్పి ఏ జ్వరమో చెప్పని వైద్యుడి వంటిది ఈ 1603. ఒక్కొక్కసారి అది తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఆ ఉదంతం ముందు వస్తుంది.

ఇళ్లలో అన్నింటికంటె తరచు కనిపించే కారణం చోటు లేకపోవడం. మన పట్టణాలలో విడిభాగాలు కూర్చి కంప్యూటరు తయారుచేసి ఇచ్చే దుకాణాలలో డిస్కును సీ, డీ, ఈ, ఎఫ్ అని గదులుగా విభజించి ఇవ్వడం ఆనవాయితీ. డీ, ఈ గదులు ఖాళీగా ఉండగా చోటు చాలదని యంత్రం అనడం యజమానికి అబద్ధంలా తోస్తుంది. కాని నవీకరణ అడిగేది ఆపరేటింగ్ సిస్టం ఉన్న సీ గదిలో చోటును. డెస్క్‌టాప్ మీద పెట్టిన ప్రతి సినిమా, డౌన్‌లోడ్స్ సంచిలో మరిచిపోయిన ప్రతి ఫైలు మామూలుగా ఆ గదిలోనే చేరుతాయి. వాటిని డీ గదికి తరలించి, డిస్క్ క్లీనప్ అనే సాధనంతో తాత్కాలిక ఫైళ్లను ఊడ్చివేస్తే చాలా యంత్రాలు ఆ పూటే కోలుకుంటాయి. మొత్తం నిల్వే 32 గిగాబైట్లుగా వచ్చిన చవక ల్యాప్‌టాప్‌ల స్థితి వేరు. పెద్ద నవీకరణ వచ్చినప్పుడు వాటికి బయటి పెన్‌డ్రైవు ఆసరా ఇవ్వక తప్పదు.

నెట్టు సరిగా లేకపోవడం మరొక కారణం. దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఇతర పనులన్నీ జరుగుతూ నవీకరణ ఒక్కటే దిగకపోతే మాత్రం తెర మూలన ఉన్న గడియారాన్ని చూడాలి. కంప్యూటరు ఆగి ఉన్నప్పుడు కూడా కాలాన్ని లెక్కించేది మదర్‌బోర్డు మీద ఉండే నాణెం వంటి మూడు వోల్టుల చిన్న బ్యాటరీ. కొన్నేళ్లకు అది నీరసించగానే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. సర్వరు తన గుర్తింపు కోసం చూపే ధ్రువపత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. యంత్రం తాను ఇంకా పాత సంవత్సరంలోనే ఉన్నాననుకుంటే ఆ పత్రం ఇంకా పుట్టనే లేదని తేల్చి సర్వరుతో మాటలు మానేస్తుంది. తేదీ సరిచేస్తే అప్పటికి పని జరుగుతుంది. కరెంటు పోయి వస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అసలు మందు కొత్త బ్యాటరీ. గడియారాలు బాగుచేసే దుకాణంలో కూడా అది దొరుకుతుంది.

చోటూ కాలమూ సరిగా ఉన్నప్పుడు అనుమానం దించుకున్న ఫైళ్ల మీదికి మళ్లుతుంది. విండోస్ వాటిని సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే సంచిలో ఉంచుతుంది. మధ్యలో తెగిన దిగుమతి వల్ల అందులోని ఫైలు చెడిపోతే, యంత్రం ఆ చెడిన ఫైలునే పదే పదే ప్రయోగిస్తూ ఉండవచ్చు. నవీకరణ సేవను తాత్కాలికంగా ఆపి, ఆ సంచి పేరు మార్చి, సేవను తిరిగి ప్రారంభిస్తే కొత్త సంచి ఏర్పడి అంతా మొదటి నుంచి దిగుతుంది. తుడిచివేయకుండా పేరు మార్చడమే మేలు. అవసరమైతే వెనక్కి వెళ్లవచ్చు. విండోస్ తనంతట తాను సరిచూసుకునే ట్రబుల్‌షూటరు చేసే పనులలో ఇదొకటి. దానితో కుదరకపోతే ఆపరేటింగ్ సిస్టం మూల భాగాలే దెబ్బతిన్నాయేమో పరీక్షించాలి. ఇందుకు రెండు సాధనాలున్నాయి. ఎస్‌ఎఫ్‌సీ అనేది ప్రస్తుతం వాడుకలో ఉన్న ఫైళ్లను, యంత్రంలోనే భద్రపరచి ఉన్న మూలప్రతులతో పోల్చి చెడినవాటిని మారుస్తుంది. డిస్మ్ అనేది ఆ మూలప్రతుల కొట్టునే సరిచేస్తుంది. కొట్టులోని విత్తనమే పుచ్చితే పొలంలో ఎన్నిసార్లు చల్లినా ప్రయోజనం లేదు కనుక ముందు డిస్మ్‌ను, తరువాత ఎస్‌ఎఫ్‌సీని నడపాలి. చాలామంది ఎస్‌ఎఫ్‌సీ ఒక్కటే నడిపి, అది కొన్నింటిని బాగుచేయలేకపోయానని చెప్పగానే ఆశ వదులుకుంటారు.

ఏ చికిత్స చేసినా ఒకసారికి ఒక్కటే మార్చాలి. యాంటీవైరసును తీసి, సంచి పేరు మార్చి, తేదీ సరిచేసి, అంతా ఒకేసారి చేసినవారికి నవీకరణ ఎక్కినా దోషం ఎక్కడ ఉన్నదో తెలియదు. వచ్చే నెల అదే మళ్లీ వస్తే మళ్లీ అన్నీ చేయవలసిందే.

ఇప్పుడు 1603 ఉదంతం. 2024 జనవరి 9న విండోస్ 10 కంప్యూటర్లకు 5034441 అనే సంఖ్యతో ఒక భద్రతా సవరణ వచ్చింది. ఎన్నో ఇళ్లలో అది దిగడమూ, ఎక్కబోవడమూ, 80070643 అనే సంకేతం చూపి వెనుదిరగడమూ జరిగింది. యజమానులు సంచి పేరు మార్చి చూశారు, డిస్మ్ నడిపారు, కొందరు మొత్తం విండోస్‌నే తిరిగి వేశారు. అయినా అది లొంగలేదు. ఎందుకంటే రోగం ఆ చోటులలో లేదు. డిస్కులో సీ గది పక్కనే, సామాన్యంగా ఎవరికీ కనిపించని ఒక చిన్న గది ఉంటుంది. విండోస్ లేవలేనప్పుడు దానిని లేపే పునరుద్ధరణ సామగ్రి అందులో నివసిస్తుంది. ఆ సామగ్రిలోని ఒక లోపం ద్వారా, కంప్యూటరు చేతికి చిక్కిన వ్యక్తి డిస్కు గూఢలిపి రక్షణను తప్పించుకోగలడు. సవరణ ఉద్దేశం దానిని పూడ్చడం. కొత్త సామగ్రికి ఆ చిన్న గదిలో 250 మెగాబైట్ల ఖాళీ కావలసి వచ్చింది. చాలా యంత్రాలలో అంత ఖాళీ లేదు. చోటు చాలలేదని చెప్పవలసిన సంకేతం బయటికి వచ్చే దారిలోనే మరొక దోషం ఉండి, దానికి బదులు అర్థం తేల్చని 1603 కనిపించింది. సీ గదిలో వంద గిగాబైట్లు ఖాళీగా ఉన్నవారికి సందేహమే రాలేదు.

పరిష్కారంగా సంస్థ చూపిన మార్గం ఇది: పునరుద్ధరణ సామగ్రిని తాత్కాలికంగా నిలిపివేయాలి, సీ గదిని 250 మెగాబైట్లు కుదించాలి, పాత చిన్న గదిని పడగొట్టి పెద్దదిగా మళ్లీ కట్టాలి, సామగ్రిని అందులో ప్రవేశపెట్టాలి. ఇదంతా నల్లని తెర మీద ఆదేశాలు రాస్తూ చేయవలసిన పని. గది సంఖ్యను ఒక్క అంకె తప్పు రాస్తే చిన్న గదికి బదులు ఇంటి ఫైళ్లున్న పెద్ద గది కూలిపోతుంది. కొన్ని నెలల తరువాత, విండోస్ 10లో దీనిని యంత్రమే సరిచేసుకునే ఉపాయం రాదని, చేతితోనే చేసుకోవాలని సంస్థ ప్రకటించింది. సామాన్య గృహస్థును ఇంతటి సాహసానికి పురికొల్పడం ఏ విధంగా చూసినా సమర్థనీయం కాదు. అసలు ఆ పునరుద్ధరణ గది లేని కంప్యూటరుకు ఈ నవీకరణ అవసరమే లేదని, సంకేతాన్ని పట్టించుకోనక్కరలేదని ఆ సంస్థే చెప్పింది. డిస్కును గూఢలిపిలోకి మార్చని యంత్రంలో తప్పించుకోవలసిన రక్షణే లేదు కనుక ఈ లోపం వల్ల అదనంగా పోయేదీ లేదు. అటువంటి ఇంట్లో ఎర్రగా కనిపించే ఆ పంక్తిని నిర్లక్ష్యం చేసి ఊరుకోవడమే వివేకం. ప్రతి వైఫల్యానికీ చికిత్స అవసరం ఉండదు. ఆ నవీకరణ ఏ లోపం కోసం వచ్చింది, ఆ లోపం తన యంత్రానికి వర్తిస్తుందా అని విచారించినవారు ఆ రోజులలో రాత్రుళ్లు హాయిగా నిద్రపోయారు.

నవీకరణ తరువాత యంత్రం అసలు తెరుచుకోకపోవడం ఇంకొక అవస్థ. విండోస్ వరుసగా రెండు మూడుసార్లు లేవలేకపోతే పైన చెప్పిన పునరుద్ధరణ సామగ్రి దానంతట అదే ముందుకు వస్తుంది. అక్కడ ఇటీవలి నవీకరణను తొలగించే వీలుంది. నెలవారీ సవరణ అయితే నాణ్యతా నవీకరణను, రూపాంతరం మారి ఉంటే విశేష నవీకరణను ఎంచుకోవాలి. రూపాంతరం మారిన తరువాత పాతదానికి వెనుదిరగడానికి మామూలుగా పది రోజుల గడువు ఉంటుంది. ఆ తరువాత పాత ఫైళ్లను యంత్రమే తీసివేస్తుంది. ఏదీ కుదరనప్పుడు చివరి అస్త్రం రీసెట్. నా ఫైళ్లను ఉంచు అనే ఎంపిక ఉన్నది గదా అని దీనిని ముందే ప్రయోగించేవారున్నారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే అది. ఫైళ్లు నిలుస్తాయి గాని విడిగా వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. లెక్కల సాఫ్టువేరు, ప్రింటరు సామగ్రి, డీటీపీ చేసేవారి తెలుగు అక్షరరూపాలు, కీబోర్డు అమరికలు తిరిగి సంపాదించుకోవాలి. పాత అక్షరరూపాలతో కూర్చిన పుస్తకం ఫైలు ఆ రూపాలు లేని యంత్రంలో తెలుగుగా కనిపించదు. పిచ్చి గుర్తుల వరుసగా కనిపిస్తుంది.

లైసెన్సు లేని ప్రతులతో నడిచే కంప్యూటర్ల సంగతి కూడా చెప్పక తప్పదు. అనుమతి తనిఖీని తప్పించడానికి ఆపరేటింగ్ సిస్టంలో కొన్ని భాగాలను మార్చి, నవీకరణ సేవనే నిలిపివేసి ఇచ్చే ప్రతులు ఉన్నాయి. అటువంటి యంత్రంలో ఎన్ని సంకేతాలు విప్పినా ఫలితం ఉండదు. యజమానికి ఈ సంగతి తెలియకుండా కూడా ఉండవచ్చు. దుకాణం బిల్లులో విండోస్ ధర ఉన్నదో లేదో చూస్తే తెలుస్తుంది.

ఆపద వచ్చినప్పుడు సహాయం వెతికేవారిని పట్టుకోవడానికి మోసగాళ్లు కాచుకొని ఉంటారు. తెర నిండా ఎర్ర హెచ్చరిక చూపి, వెంటనే ఫలానా ఫోను నంబరుకు పిలవమని చెప్పే పుట ఏదైనా సరే నమ్మదగినది కాదు. నిజమైన విండోస్ వైఫల్య సందేశంలో ఫోను నంబరు ఉండదు. ఆ నంబరుకు పిలిస్తే అవతలివారు దూరం నుంచి యంత్రాన్ని తమ అదుపులోకి ఇమ్మంటారు, బాగుచేస్తున్నట్లు నటిస్తూ బ్యాంకు ఖాతా దాకా వెళతారు. అలా డబ్బు పోగొట్టుకున్నవారు ఎంత త్వరగా జాతీయ సైబరు నేరాల సహాయ సంఖ్య 1930కి ఫిర్యాదు చేస్తే ఆ సొమ్మును దారిలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

కొన్ని యంత్రాలలో వైఫల్యంగా కనిపించేది నిజానికి వైఫల్యం కాదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు మారబోయిన పాత కంప్యూటరు మధ్యలో ఆగితే, తరచు దానికి కారణం టీపీఎం 2.0 అనే భద్రతా భాగం లేకపోవడమో, ప్రాసెసరు అనుమతించిన జాబితాలో లేకపోవడమో అవుతుంది. టీపీఎం ఉండి కూడా మదర్‌బోర్డు అమరికలలో నిద్రాణంగా ఉంటే దానిని మేల్కొలిపితే సరిపోతుంది. ముందు దానినే చూడాలి. ప్రాసెసరే పాతదైతే సంచులు మార్చినా, ఆదేశాలు రాసినా మార్గం తెరుచుకోదు. అటువంటి యంత్రాలను విస్తృత భద్రతా నవీకరణల పథకంలో నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు సవరణలు అందే ఏర్పాటు జరిగింది. ఆ పథకంలో చేరనివారు, గడువు దాటినవారు ఆ కంప్యూటరులో లినక్సు వంటి మరొక ఆపరేటింగ్ సిస్టంను వేసుకోవచ్చు, లేదా దానిని నెట్టు నుంచి విడదీసి టైపింగుకూ పాత ఫైళ్లు చూసుకోవడానికీ మాత్రమే ఉంచుకోవచ్చు.